ఇసుక బావి మీద ఉప్పు మూత

మా పెద్దమ్మ కొడుకు ఒకడున్నాడు, నాకంటే రెండేళ్ళు చిన్న. మూడేళ్ళ కిందట వాడు శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి తంపర, అంటే నీళ్ళు నిలిచే చిత్తడి పల్లం, పక్కన 60 సెంట్ల భూమి కొన్నాడు. చవిటి నేల, వరి వేస్తే గింజ పట్టదు, ఆ సంగతి వాడికీ తెలుసు. అయినా ఎందుకు కొన్నాడంటే, ఆ పక్క పొలంలో బోరు దింపుతుంటే నీళ్ళతో పాటు బుడగలు వచ్చాయి, ఎవరో కుర్రాడు లైటర్ పెడితే పైపు మూతి దగ్గర నీలం మంట లేచింది, ఆ వీడియో వాట్సాప్‌లో నౌపడ నుంచి పలాస దాకా తిరిగింది, వారం తిరక్కుండా ఒక బ్రోకరు దిగి "ఇక్కడ గ్యాస్ పడింది, కంపెనీ వస్తాది" అని చెప్పి చవిటి భూమికి జీడితోట రేటు కట్టాడు.

కొనే ముందు వాడు నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నువ్వు ఎడారిలో గ్యాస్ కాడే గదా పన్జేసినావు, ఏటంటావు?" అన్నాడు. వద్దురా అన్నాను. "ఏటి, ఎందుకొద్దు?" అంటే నాకు మాట రాలేదు. అక్కడ వేరు ఇక్కడ వేరు అన్నాను, అంతే. "ఎడారోల్లకేనా దేవుడిస్తాడు, మనకివ్వడా" అని ఫోన్ పెట్టేశాడు. కొనేశాడు. పదకొండో రోజుకి మంట ఆరిపోయింది, కంపెనీ రాలేదు, బ్రోకరు ఫోన్ ఎత్తడు.

ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది. చాలా పెద్ద జవాబు, ఫోన్‌లో పట్టేది కాదు, కానీ దాని గుండెకాయ ఒక్కటే: గ్యాస్ పుట్టడం గొప్ప కాదు, నిలవడం గొప్ప. భూమిలో గ్యాస్ చాలా చోట్ల పుట్టింది, పుడుతూనే ఉంది, అందులో ఎక్కువ భాగం మెల్లగా పైకి వచ్చి గాల్లో కలిసిపోయింది. పెద్ద గ్యాస్ ఫీల్డ్ అని మనం దేన్నైతే అంటామో అక్కడ నిజంగా పెద్దది మూత.

నేను 2013 నుంచి రెండేళ్ళు అల్జీరియాలో పైప్ వెల్డర్‌గా చేశాను. ఊరి పేరు హస్సీ ర్మెల్. అరబ్బీలో హస్సీ అంటే బావి, ర్మెల్ అంటే ఇసుక, ఇసుక బావి అన్నమాట. అల్జీర్స్ నగరం నుంచి దక్షిణంగా 500 కిలోమీటర్లు దాటాక వస్తుంది. పేరులో ఇసుక ఉంది గానీ సినిమాల్లో చూసే ఇసుక దిబ్బలు అక్కడ తక్కువ, కంటికి ఆనినంత మేరా రాళ్ళ నేల, చదునుగా, గోధుమ రంగులో. ఆ ఏడాది జనవరిలోనే అల్జీరియాలోని ఇన్ అమెనాస్ గ్యాస్ ప్లాంట్ మీద ఉగ్రవాదుల దాడి జరిగింది కాబట్టి మేం క్యాంపు దాటి ఎక్కడికి కదిలినా ముందు వెనక సైనికుల బండ్లు ఉండేవి. మాకు ట్రైనింగ్‌లో అన్నీ చెప్పారు, హెల్మెట్, పర్మిట్, గ్యాస్ డిటెక్టర్ కూస్తే గాలి ఎటు వీస్తోందో చూసి పరిగెత్తడం, అన్నీ. కాళ్ళ కింద ఏముందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఉద్దానం నుంచి, సోంపేట, కంచిలి, కవిటి నుంచి ఎంతమంది వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఇలాంటి ఫీల్డుల్లో చేసి వచ్చారో లెక్క లేదు. మనవాళ్ళ చేతులు పడిన లైనుల్లోంచి యూరప్‌కి గ్యాస్ పోతోంది. కానీ ఊళ్ళో ఎవర్ని అడిగినా "ఎడారి కదా, కింద గ్యాస్ ఉంటుంది" అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఎడారికీ గ్యాస్‌కీ సంబంధం లేదు. సహారా ఇప్పుడున్నట్టు ఎండిపోయింది నిన్నగాక మొన్న, భూమి లెక్కలో. ఐదారు వేల ఏళ్ళ కిందట కూడా అక్కడ చెరువులు, గడ్డి, పశువుల మందలు ఉండేవి, తస్సిలి కొండల్లో రాళ్ళ మీద ఆవుల బొమ్మలు గీసి ఉన్నాయి. కింద గ్యాస్ మాత్రం కోట్ల ఏళ్ళ నాటిది. ఇంకో మాట చెప్తాను, ఇది తెలిసినప్పుడు నేను క్యాంపులో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అని పెద్ద గ్యాస్ ఫీల్డ్ ఉంది, 1959లో కనుక్కున్నారు, భూకంపాలు వస్తున్నాయని 2023 అక్టోబరులో ఉత్పత్తి ఆపేశారు. పైన పచ్చగడ్డి, కాలవలు, ఆవులు. కింద గ్యాస్ దాక్కున్న రాయి ఏమిటంటే సుమారు 26 కోట్ల ఏళ్ళ నాటి ఎడారి ఇసుక! హస్సీ ర్మెల్‌లో పైన ఎడారి, కింద గ్యాస్ పట్టిన రాయి ఒకప్పుడు నదులు తెచ్చి పోసిన ఇసుక. పచ్చటి దేశం కింద ఎడారి, ఎడారి కింద నది. ఈ రెండు చోట్లా ఒకేలా ఉన్నది పైన వాతావరణం కాదు, పైన ఉప్పు. రెండింటి మీదా ఉప్పు పొరలే మూత.

ఉప్పు దగ్గరికి వస్తాను, ముందు గ్యాస్ పుట్టుక. సుమారు 44 కోట్ల ఏళ్ళ కిందట ఇప్పటి సహారా దక్షిణ ధ్రువం దగ్గర ఉండేది, మీద మంచు పలక. 1960లలో ఫ్రెంచి జియాలజిస్టులు సహారాలో బండల మీద పొడుగాటి గీతలు చూసి, ఇవి కదిలే మంచు గీకిన గీతలని గుర్తుపట్టారు, మండే ఎండలో నిలబడి మంచు ఆనవాలు పట్టుకున్నారు. ఆ మంచు కరిగి సముద్రం పొంగి లోతట్టు నేలంతా ముంచేసింది. ఆ నీటి అడుగున ఆక్సిజన్ లేదు, చచ్చిన నాచు, చిన్న జీవాలు కుళ్ళిపోకుండా బురదలో కూరుకుపోయాయి. ఆ బురద గట్టిపడితే నల్ల షేల్ అయింది. దాంట్లో యురేనియం కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి బావిలోకి గామా కిరణాలు కొలిచే పరికరం దించితే ఆ పొర దగ్గర గీత ఒక్కసారి లేస్తుంది, జియాలజిస్టులు దాన్ని హాట్ షేల్ అంటారు. ఆ షేల్ మీద ఇంకా రాళ్ళు పేరుకుని కిందికి దిగే కొద్దీ వేడెక్కి ముందు నూనె, ఇంకా వేడెక్కితే గ్యాస్.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ షేల్‌లోంచి కొంత నూనె, గ్యాస్ తొలి విడతలోనే తయారయ్యాయి, అప్పటికి ఉప్పు లేదు. తర్వాత సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట ఖండాలు గుద్దుకుని నేల పైకి లేచింది, వానలు, నదులు పై పొరల్ని కోసుకుపోయాయి, హస్సీ ర్మెల్ ఉన్న గట్టు మీద అయితే ఆ నల్ల షేలే కొట్టుకుపోయింది. అప్పటి గ్యాస్ ఏమైంది? పోయింది. ఎంత పోయిందో ఎవరూ కొలిచి చెప్పలేరు, మూత లేని కాలంలో పుట్టింది కాబట్టి దానికి లెక్కా లేదు, ఫీల్డూ లేదు. ఆ తర్వాత ట్రయాసిక్ కాలంలో, అంటే 25 కోట్ల నుంచి 20 కోట్ల ఏళ్ళ మధ్య, కోసేసిన నేల మీద నదులు ఇసుక పోశాయి, దాని మీద ఉప్పు పరుచుకుంది. ఉప్పు వచ్చాకే, పక్కనున్న లోతు ప్రాంతాల్లో, ముఖ్యంగా ఆగ్నేయం వైపు ఊద్ మ్యా బేసిన్‌లో, మిగిలిన షేల్ మళ్ళీ లోతుకి దిగి రెండో విడత వండింది. ఆ గ్యాస్ ఇసుక పొరలు పట్టుకుని వాలు వెంబడి పైకి పాకుతూ చాలా దూరం నడిచి వచ్చి, ఇక్కడ బోర్లించిన పళ్ళెంలా ఉన్న గుబ్బ కింద ఉప్పు తగిలి ఆగిపోయింది. అంటే హస్సీ ర్మెల్ గ్యాస్ హస్సీ ర్మెల్‌లో పుట్టలేదు, వలస వచ్చింది. జియాలజిస్టులు వాడే మాట కూడా అదే, మైగ్రేషన్. ఆ మాట విన్నప్పుడు క్యాంపులో మా సిక్కోలు వాళ్ళం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

ఈ సంగతులు నాకు చెప్పింది ఒక పెద్దాయన, అల్జీరియా వాడే, రిగ్ మీద జియాలజిస్ట్. మేం ఒక కొత్త బావికి ఫ్లో లైన్, అంటే బావి నుంచి గ్యాస్ తెచ్చే పైపు, వేస్తున్నాం, ఆయన క్యాబిన్ మా వెల్డింగ్ షెడ్‌కి యాభై అడుగుల దూరం. హిందీ సినిమాలంటే ప్రాణం, ఇండియన్ అనగానే టీ ఇచ్చేవాడు, పుదీనా వేసి బాగా తీపిగా. ఒకరోజు టేబుల్ మీద రెండు రాళ్ళు పెట్టాడు. ఒకటి లేత ఎరుపు ఇసుకరాయి, బొటనవేలంత. దాని మీద టీ గ్లాసులోంచి చెంచాతో చుక్క వేశాడు. చుక్క నిలబడలేదు, రాయి తాగేసింది, తడి మచ్చ మాత్రం మిగిలింది. "గ్యాస్ ఇందులో ఉంటుంది, గుహలో కాదు, చెరువులా కాదు" అన్నాడు. వందలో సుమారు 15 పాళ్ళు సందులే, ఇసుక రేణువుకీ రేణువుకీ మధ్య. రెండో రాయి గాజులా ఉంది, పటికబెల్లం ముక్కలా, అంచుకి ఎర్ర మట్టి చార. ప్లాస్టిక్ సంచిలోంచి తీశాడు. చుక్క వేస్తే అలాగే గుండ్రంగా నిలబడింది, కాసేపటికి దాని కింద చిన్న గుంట పడింది. నాకు అనుమానం వచ్చి వేలు తడిపి రాసి నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పు. మా నౌపడ ఉప్పు.

మా నాన్న నలభై ఏళ్ళు నౌపడ ఉప్పు కొటారులో చేశాడు. సముద్రపు నీళ్ళు కాలవలోంచి పెద్ద మడిలోకి, అక్కణ్ణుంచి చిన్న మడిలోకి, అక్కణ్ణుంచి ఇంకా చిన్నదానికి. నాన్న దగ్గర గాజు గొట్టం ఒకటి ఉండేది, బామే డిగ్రీలు చూసేది, నీళ్ళలో వదిలితే చిక్కదనాన్ని బట్టి తేలుతుంది. సముద్రం నీళ్ళు మూడు, మూడున్నర డిగ్రీలు. ఎండకి చిక్కబడే కొద్దీ ముందు మడుల్లో తెల్లగా, గరుగ్గా ఒక పొర కడుతుంది, అది ఉప్పు కాదు, జిప్సం, నోట్లో వేసుకుంటే రుచే ఉండదు. 25 డిగ్రీలకి వస్తే అప్పుడు ఉప్పు పడటం మొదలవుతుంది, ముందు నీటి మీద పలచటి రేకులు, తర్వాత అడుగున గళ్ళు గళ్ళుగా. 29 దాటకముందే మిగిలిన నీళ్ళు వదిలెయ్యాలి, లేదంటే ఉప్పు చేదెక్కుతుంది. నాన్న గొట్టం చూడకుండా కాలి మడమతో అడుగు తొక్కి చెప్పేవాడు, ఇంకో రెండ్రోజులు అని.

హస్సీ ర్మెల్ మీదున్న మూత సరిగ్గా ఇలాగే తయారైంది. ట్రయాసిక్ చివర, జురాసిక్ మొదట్లో, ఖండాలు విడిపోతుంటే మధ్యలో పల్లంలోకి సముద్రం వస్తూ, ఎండుతూ, మళ్ళీ వస్తూ ఉండేది. నీళ్ళు ఎండితే జిప్సం, లోతుకి దిగాక అది నీరు కోల్పోయి అన్‌హైడ్రైట్ అవుతుంది, దాని మీద ఉప్పు, మధ్యమధ్యలో ఎర్ర బంకమట్టి, మళ్ళీ అన్‌హైడ్రైట్, మళ్ళీ ఉప్పు. బావిలోంచి పైకొచ్చిన రాతి పొడిని గజాల వారీగా సంచుల్లో కట్టి వరసగా పెడతారు. పెద్దాయన ఆ వరస చూపిస్తుంటే నాకు మా నాన్న మడులు వరసగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించింది. ఒక కిలోమీటరు లోతు సముద్రం మొత్తం ఎండినా మిగిలేది సుమారు 15 మీటర్ల ఉప్పు మాత్రమే, అక్కడున్నవి వందల మీటర్లు. అంటే ఆ సముద్రం ఎన్నిసార్లు నిండి ఎన్నిసార్లు ఎండిందో చూడండి. నాన్న ఏటా జనవరి నుంచి జూన్ దాకా చేసిన పని, లక్షల ఏళ్ళు, మనిషి లేకుండా.

మరి ఉప్పే ఎందుకు మంచి మూత? మిగతా రాయి ఏదైనా ఒత్తిడికి పగులుతుంది, పగులులోంచి గ్యాస్ పోతుంది. బంకమట్టి రాయి కూడా మూతగా పనిచేస్తుంది గానీ ఈ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్, దాని అణువు చాలా చిన్నది, కోట్ల ఏళ్ళు ఇస్తే దాంట్లోంచి కూడా చెమ్మలా జారిపోతుంది. ఉప్పు లోతులో, వేడిలో, బరువు కింద మెత్తని మైనంలా కదులుతుంది, పగులు పడితే తనే పూడ్చుకుంటుంది. అందుకే రిగ్ వాళ్ళకి అదంటే భయం కూడా, బావి తవ్వి వదిలితే ఉప్పు మెల్లగా లోపలికి జరిగి స్టీల్ కేసింగ్‌ని నొక్కేస్తుంది. మామూలు నీళ్ళతో తవ్వితే కరిగి గుహ పడిపోతుంది కాబట్టి ముందే ఉప్పుతో చిక్కబెట్టిన మడ్డి, అంటే తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద, వాడతారు. ఆ మడ్డి తూకం చూసే కుర్రాణ్ణి చూసి నాన్న గాజు గొట్టం గుర్తొచ్చింది నాకు, ఇద్దరూ చూసేది ఒకటే, నీళ్ళు ఇంకా ఉప్పు తాగుతాయా, తాగవా అని.

ఇంత మూత కింద ఏం ఆగిందో కాస్త చెప్తాను. 1956లో మొదటి బావి తవ్వితే రెండు కిలోమీటర్లు దాటాక ట్రయాసిక్ ఇసుకరాయి తగిలింది. లోపల ప్రెషర్ 300 బార్లకి పైన, వేడి 90 డిగ్రీలు. లారీ టైర్లో ఉండేది 8 బార్లు, పోల్చుకోండి. గుబ్బ పొడవు 70 కిలోమీటర్లు, అడ్డం 50, అంటే శ్రీకాకుళంలో బయల్దేరితే విజయనగరం దాటి ఇంకా వెళ్ళాలి ఒక కొస నుంచి ఇంకో కొసకి. మొదట్లో ఉన్న గ్యాస్ రెండు లక్షల కోట్ల ఘనపు మీటర్ల పైచిలుకు. ఉత్త గ్యాస్ కాదు, పైకొచ్చి చల్లబడితే పెట్రోలు లాంటి ద్రవం విడిపోతుంది, కండెన్సేట్ అంటారు. లోపల ప్రెషర్ పడిపోతే ఆ ద్రవం రాతి సందుల్లోనే విడిపోయి చిక్కుకుపోతుంది, అందుకని ద్రవం తీసేసిన పొడి గ్యాస్‌ని కంప్రెసర్లతో మళ్ళీ కిందికే ఎక్కించేవాళ్ళు, ఏళ్ళ తరబడి. అంత ప్రెషర్‌తో మళ్ళీ కిందికి తోసినా ఉప్పు పట్టుకుంటుందన్న నమ్మకం లేకపోతే ఆ పని ఎవరూ చెయ్యరు. 1964లో ఈ గ్యాస్‌నే తీరంలో అర్జూ దగ్గర ద్రవంగా మార్చి ఓడల్లో పంపారు, వ్యాపారంగా అలా పంపడం ప్రపంచంలో అదే మొదలు. 1983 నుంచి ట్యునీషియా మీదుగా సముద్రం అడుగున ఇటలీకి పైపు.

ఉప్పుకి ఒక్కటే శత్రువు, మంచినీళ్ళు. అదే అల్జీరియాలో, ఊద్ మ్యా ప్రాంతంలోనే, హౌద్ బెర్కావీ దగ్గర ఒక నూనె బావి పని పాడై వదిలేస్తే ఆ గొట్టం పక్కనుంచి పై పొరల నీళ్ళు ఇంకో ఉప్పు పొరలోకి దారి చేసుకున్నాయి. ఉప్పు కరిగింది. 1986లో నేల కూలి దాదాపు 200 మీటర్ల వెడల్పు గొయ్యి పడింది. కోట్ల ఏళ్ళు నిలిచినది ఒక్క గొట్టం పక్క సందుతో పోయింది. నేను వెల్డర్ని, ఒక్క పిన్‌హోల్‌కి జాయింట్ మొత్తం కోసి మళ్ళీ చేయించేవాళ్ళు, మొదట్లో కోపం వచ్చేది. బెర్కావీ సంగతి విన్నాక మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మన సంగతి. మావాడికి నేను చెప్పాల్సింది ఇది. మన కింద రాయి ఏమిటి? తూర్పు కనుమల రాయి. ఖోండలైట్, చార్నొకైట్, గ్రానైట్. ఖోండలైట్ అనే పేరే మన కొండల్లోని ఖోండు జనం మీద పెట్టారు. గరివిడి పక్కన కోడూరు మాంగనీసు గని పేరు మీద కోడూరైట్ అని ఒక రాయి ఉంది, ప్రపంచంలో ఎక్కడ దొరికినా మన కోడూరు పేరే. మన రాళ్ళు తక్కువవి కావు. కానీ ఇవి సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల 900 డిగ్రీలు దాటిన వేడిలో కాగిన రాళ్ళు. గ్యాస్ తయారవడానికి 150, 200 డిగ్రీలు చాలు. 900 అంటే అందులో ఉన్న జీవపదార్థం గ్యాస్ దశ దాటిపోయి ఉత్త కార్బన్ అయిపోతుంది. అది ఎక్కడుంది అంటే సాలూరు వైపు కొండల్లో దొరుకుతుంది, గ్రాఫైట్, పెన్సిల్లో ఉండే నల్లది. మన గ్యాస్ ఏమైంది అని అడిగేవాళ్ళకి నేను చూపించేది ఆ పెన్సిల్. ఇక గ్యాస్ పట్టడానికి సందులు? టెక్కలి గ్రానైట్ మీద చుక్క వేసి చూడండి, సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. కోనసీమలో గ్యాస్ ఉంది కదా అంటారు, ఉంది, అక్కడ గోదావరి తెచ్చిపోసిన కిలోమీటర్ల మందం ఇసుక, బంకమట్టి ఉంది, వండటానికి లోతు ఉంది, మధ్యలో మూతలు ఉన్నాయి. మనకి తీరంలో అంత మందం లేదు, కాస్త తవ్వితే బండ.

మరి బోరులో మండినదేమిటి? అదీ మీథేనే, అబద్ధం కాదు. తంపరలో ఏటా తుంగ, నాచు, ఆకులు కుళ్ళుతాయి, గాలి తగలని బురదలో సూక్ష్మజీవులు దాన్ని తిని మీథేన్ వదులుతాయి. మా చిన్నప్పుడు తంపరలో కర్రతో పొడిచి బుడగలకి అగ్గిపుల్ల గీసేవాళ్ళం. అది నిన్న పుట్టిన గ్యాస్, దాని మీద మూత నాలుగు గజాల బురద. బోరు గొట్టం దించితే అక్కడక్కడ బంకమట్టి కింద చేరిన కాస్తా బయటికొచ్చేసింది, పదకొండు రోజులకి అయిపోయింది. దాచిపెట్టిందెవరూ లేరు. ప్రభుత్వం గ్యాస్ దాస్తోందని మా ఊళ్ళో ఇంకా నలుగురు వాదిస్తారు, నేను వాళ్ళతో కూర్చుని వాదిస్తాను, అరుస్తాను కూడా. ఎందుకంటే ఆ మాట నమ్మినవాడి దగ్గరే బ్రోకరు వాలతాడు. మా పెద్దమ్మ మెడలో గొలుసు పోయింది ఆ 60 సెంట్లకి. ఎవరైనా భూమి కింద గ్యాస్ ఉందంటే మనం అడగాల్సింది మంట చూపించమని కాదు. ఎక్కడ పుట్టింది, ఏ రాయిలో ఉంది, పైన ఏం మూత ఉంది, ఆ మూత గ్యాస్ కంటే ముందు వచ్చిందా. ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్పలేనివాడికి బయానా ఇవ్వకండి.

తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన ఆ ఉప్పు ముక్కలోంచి చిన్న చెక్క విరిచి ఇచ్చాడు, మీ నాన్నకి చూపించు అన్నాడు. నాన్న దాన్ని వెలుతురుకి పెట్టి తిప్పి చూశాడు, నాలిక్కి తాకించాడు, "బాగా ఆరిన ఉప్పురా, నీళ్ళు మంచి టయానికి వదిలినారు" అన్నాడు. ఇరవై కోట్ల ఏళ్ళ నాటిదని చెప్తే కాసేపు మాట్లాడలేదు. దాన్ని హార్లిక్స్ సీసాలో వేసి కిటికీలో పెట్టాం, మూత సరిగ్గా బిగించలేదు. జూలైలో ముసురు పట్టింది, పది రోజులు వదల్లేదు. ఒకరోజు చూస్తే సీసాలో రెండు చెంచాల నీళ్ళు, అడుగున చిటికెడు ఎర్ర మట్టి. అమ్మ నీళ్ళు పారబోసింది. ఆ మట్టి ఆరబెట్టి కాగితంలో మడిచి పెట్టుకున్నాను, నాన్న బామే గొట్టం పెట్టెలోనే ఉంది.